కాలేయ వ్యాధులు - శరీరము చూపు హెచ్చరిక గుర్తులు

"పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడును" అని మన పెద్దలు చెప్పుచుందురు. తన దోషమునే పరులయందు చూచువానిని గూర్చి చెప్పిన సామెత యిది. లోకనీతిగా దీనికి వంక పెట్టవలసిన పని లేదు గాని, వైద్యశాస్త్రదృష్టితో చూచినచో విషయము తలక్రిందులుగా నున్నది. కామెర్ల రోగికి సాధారణముగా లోకము పచ్చగా కనబడదు. లోకమునకే అతని కన్నులు పచ్చగా కనబడును. తన కన్నుల తెలుపులో చేరిన పసుపును రోగి తాను చూచుకొనలేడు. తల్లియో, చెల్లెలో, వసతిగృహములోని తోటి విద్యార్థియో మొదట చూచి, "నీ కన్నులు ఏమి, అట్లున్నవి?" అని అడుగుదురు. కాలేయ వ్యాధుల విషయములో ఈ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. రోగముయొక్క గుర్తులను రోగి యొక్కడే గాక, అతని చుట్టునున్న వారందఱును ఎఱిగి యుండవలెను.

మేము వైద్యులము కాము. జీవశాస్త్రమును అభ్యసించుచున్న విద్యార్థులము. ఏ మందు వాడవలెనో చెప్పుట మా పని కాదు, మా అధికారమును కాదు. ఏ గుర్తు కనబడినపుడు వైద్యుని యొద్దకు పోవలెనో, ఆ గుర్తు శరీరమున ఎట్లు పుట్టుచున్నదో మా శక్తికొలది వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కాలేయము - దాని స్థానము, దాని పనులు

ఆయుర్వేదము కాలేయమును యకృత్తు అని పిలిచినది. యూనానీ వైద్యులు గుండె, మెదడులతో పాటు దీనిని ప్రధానావయవములలో నొకటిగా ఎంచిరి. మన ఉర్దూ సోదరుల భాషలో దీని పేరు జిగర్. అయితే ఆ భాషలో జిగర్ అనగా కేవలము ఒక మాంసపు ముద్ద కాదు; ధైర్యమునకును, ప్రేమకును అది నిలయము. ప్రసిద్ధ గజల్ కవి అలీ సికందర్ ఆ పేరునే తన కలము పేరుగా గైకొని జిగర్ మొరాదాబాదీగా ఖ్యాతి గాంచెను. మాంసపు దుకాణమున కార్జము అని తెలుగువారును, కలేజీ అని ఉర్దూవారును అడుగునది ఈ యవయవమునే.

మానవుని కాలేయము కుడివైపు ప్రక్కటెముకల క్రింద, ఉదరవితానమునకు ఆనుకొని యుండును. పెద్దవారిలో దీని బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాము. శరీరములోపలి అవయవములలో ఇంత పెద్దది మఱియొకటి లేదు. గుండె ప్రతి నిమిషము వెలువరించు రక్తములో దాదాపు నాల్గవ వంతు దీనిగుండా ప్రవహించును. ఈ రక్తములో మూడు పాళ్లు ప్రేగులు, ప్లీహము మొదలగువానినుండి ద్వారసిర అను పెద్ద సిర ద్వారా వచ్చును. అనగా మనము తిన్న అన్నపు సారము శరీరమంతటికిని పంపిణీ కాకమునుపు ఈ సుంకపు చావడిలో తనిఖీకి నిలువవలసినదే.

ఇచట జరుగు పనులు అనేకములు. భోజనానంతరము రక్తములో పెరిగిన చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి దాచి, ఆకలివేళ తిరిగి ఇచ్చుట. కొవ్వు జీర్ణమగుటకు అవసరమైన పైత్యరసమును తయారుచేయుట. రక్తములో నీటిని నిలిపి యుంచు ఆల్బుమిన్ అను మాంసకృత్తును, గాయమైనపుడు రక్తమును గడ్డకట్టించు పదార్థములను నిర్మించుట. మాంసకృత్తుల విచ్ఛేదనమువలన పుట్టిన అమ్మోనియా అను విషమును యూరియాగా మార్చుట. మందులను, మత్తుపదార్థములను విఱిచి బయటికి పంపుట - ఇవి వానిలో ముఖ్యమైనవి. ఈ పట్టికను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. ఏలయన, ఇక ముందు చెప్పబోవు గుర్తులలో పెక్కు ఈ పనులలో ఏదో యొకటి కుంటుపడుటవలననే కలుగుచున్నవి.

ఈ యవయవము ఏల మౌనముగా నుండును?

పంటి నొప్పి గలవాడు ఒక రాత్రి గడువక ముందే వైద్యుని తలుపు తట్టును. కాలేయము చెడినవాడు పది సంవత్సరములైనను తట్టకపోవచ్చును. దీనికి రెండు కారణములు గలవు. మొదటిది, కాలేయపు లోపలి కణజాలమునకు నొప్పిని తెలుపు నాడులు లేకపోవుట. దానిని కప్పియున్న పలుచని పొర సాగినపుడు మాత్రమే కుడి డొక్కలో బరువుగానో, సలుపుగానో తోచును. రెండవది, ఈ యవయవమునకు గల అద్భుతమైన పునరుత్పాదన శక్తి. ఆరోగ్యవంతుని కాలేయములో సగమునకు పైగా కోసి తీసివేసినను, మిగిలిన భాగము కొన్ని వారములలో, నెలలలో పెరిగి తన పరిమాణమును తిరిగి పొందును. బ్రతికియున్న దాత తన కాలేయములో కొంత భాగమును మఱియొకరికి ఇచ్చుట ఈ శక్తివలననే సాధ్యమగుచున్నది.

అయితే ఈ వరమే కొన్ని యెడల శాపముగా పరిణమించును. దెబ్బతిన్న కణముల పనిని మిగిలిన కణములు చేయుచుండుటచే బయటికి ఏమియు తెలియదు. సంవత్సరముల తరబడి దెబ్బ తగులుచుండగా, మచ్చకట్టిన గాయమువలె కాలేయము పీచుబాఱి, గట్టిపడి, గడ్డలు గడ్డలుగా మారును. ఈ స్థితికి సిరోసిస్ అని పేరు. అప్పటికిని కొంతకాలము అది తన పనిని నెట్టుకొని వచ్చుచునే యుండును. అందుచే తొలిదశలో కనబడు గుర్తులు చాల సామాన్యముగా నుండును: కారణము తెలియని అలసట, ఆకలి తగ్గుట, వికారము, కుడి డొక్కలో బరువు. ఇవి నూఱు రోగములలో కలుగును గనుక వీనిని చూచి భయపడవలదు. కాని కొన్ని వారములు విడువకుండ ఉన్నచో ఒక రక్తపరీక్ష చేయించుకొనుట వివేకము.

కన్నుల పసుపు, మూత్రపు రంగు, మలపు రంగు

కాలేయ వ్యాధులలో అందఱెఱిగిన గుర్తు కామెర్లు. ఆయుర్వేదమున దీనికి కామల యనియు, ఉర్దూలో యర్ఖాన్ అనియు పేర్లు. మన ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించి నశించును. నశించిన కణములోని వర్ణపదార్థమునుండి బిలిరుబిన్ అను పసుపు పదార్థము పుట్టును. కాలేయము దానిని గ్రహించి, నీటిలో కరుగునట్లు మార్చి, పైత్యరసముతో కలిపి ప్రేగులలోనికి వదలును. రక్తములో దీని పరిమాణము సాధారణముగా డెసిలీటరునకు ఒక మిల్లీగ్రాము లోపల నుండును. అది సుమారు రెండున్నర, మూడు మిల్లీగ్రాములు దాటినపుడు మొదట కంటి తెల్లగ్రుడ్డు పైనను, నాలుక క్రిందను, ఆ పిమ్మట చర్మముపైనను పసుపు పొడసూపును. దీనిని పగటి వెలుతురులో, క్రింది రెప్పను కొంచెము క్రిందికి లాగి, రోగిని పైకి చూడుమని చెప్పి పరిశీలింపవలెను. రాత్రి దీపపు కాంతిలో ఇది కనుమఱుగగును. బొప్పాయి, గాజర్లు అధికముగా తిన్నవారి అఱచేతులును పచ్చబడవచ్చును. కాని వారి కన్నులు తెల్లగనే యుండును. ఈ భేదమును గమనింపవలెను.

కన్ను పచ్చబడక ముందే మూత్రము మాట్లాడును. కాలేయము మార్చిన బిలిరుబిన్ నీటిలో కరుగునది గనుక, పైత్యరసములోనికి పోలేనపుడు రక్తములో చేరి మూత్రపిండముల ద్వారా వెలువడును. అపుడు మూత్రము పాలు కలుపని తేనీరువలె ముదురు రంగున నుండును. ఎండలో తిరిగి నీరు త్రాగని దినమున సైతము మూత్రము చిక్కబడును గాని, రెండు లోటాల నీరు త్రాగిన పిమ్మట అది తేటపడును. నీరు త్రాగినను తేటపడని ముదురు రంగు అనుమానింపదగినది.

మలమునకు సహజమైన గోధుమరంగు పైత్యరసము వలననే కలుగుచున్నది. పైత్యవాహిక రాయివలననో, గడ్డవలననో మూసుకొనిపోయినచో మలము సుద్దవలె, బంకమన్నువలె పాలిపోవును. దీనితో పాటు శరీరమంతటను, ముఖ్యముగా అఱచేతులలోను అఱికాళ్లలోను, రాత్రివేళ అధికముగా దురద పుట్టును. చర్మముపై దద్దురు లేకుండ ఇట్టి దురద కలిగినచో అది చర్మవ్యాధి కాకపోవచ్చును. నడివయస్సు దాటినవారిలో నొప్పి లేకుండ కామెర్లు వచ్చి, బరువు తగ్గుచున్నచో పైత్యవాహికయందో, క్లోమమునందో కంతి యున్నదేమో వెంటనే చూడవలెను. నొప్పి లేదు గదా యని ఊరకుండుట ఇచట ప్రమాదకరము.

చర్మము, గోళ్లు, అఱచేతులు

సిరోసిస్ ముదిరినపుడు చర్మము ఒక దర్పణమువలె పనిచేయును. ఛాతీపైన, మెడపైన, ముఖముపైన, భుజములపైన చిన్న ఎఱ్ఱని చుక్క, దానినుండి సాలెపురుగు కాళ్లవలె నలుదెసల వ్యాపించిన సన్నని రక్తనాళములు కనబడును. నడిమి చుక్కను సూదిమొనవంటి దానితో మెల్లగా నొక్కినచో కాళ్లన్నియు మాయమై, వదలగానే నడుమనుండి వెలుపలికి మరల నిండును. శరీరములోని కొన్ని హార్మోనులను కాలేయము విఱిచివేయలేకపోవుటయే దీనికి కారణమని భావింతురు. గర్భవతులలోను, ఆరోగ్యముగానున్న పిల్లలలోను ఒకటి రెండు ఉండుట సహజమే. పెద్దవారిలో అనేకములు క్రొత్తగా పుట్టినపుడే పరీక్ష అవసరము. అఱచేతిలో బొటనవ్రేలి మొదటను, చిటికెనవ్రేలి ప్రక్కను గల ఎత్తైన భాగములు ఎఱ్ఱబాఱుట ఇదే కోవలోని గుర్తు. నల్లని మేనిచాయ గల మనవారిలో ఈ ఎఱుపు సులభముగా కనబడదు గనుక, అది కనబడలేదని రోగము లేదని నిశ్చయింపరాదు.

కొందఱిలో గోళ్లు చాలమట్టుకు తెల్లబడి, కొనయందు మాత్రము సన్నని గులాబిరంగు గీత మిగులును. 1954లో రిచర్డ్ టెర్రీ అను వైద్యుడు సిరోసిస్ రోగులలో దీనిని వర్ణించెను. చక్కెర వ్యాధి, హృదయ వ్యాధులలో గూడ ఇట్టి గోళ్లు ఉండవచ్చును. మఱియు రక్తమును గడ్డకట్టించు పదార్థములు తగ్గుటచే చిన్న దెబ్బకే చర్మము కమిలి నల్లబడుట, పండ్లు తోముకొనునపుడు చిగుళ్లనుండి రక్తము వచ్చి ఆగకపోవుట సంభవించును.

మెడ వెనుకను, చంకలలోను చర్మము మందముగా నల్లబడుటను మన విద్యార్థులలో అనేకులు మురికియని తలచి రుద్దుకొందురు. అది ఎంత రుద్దినను పోదు. శరీరము ఇన్సులిన్ మాటను సరిగా వినుటలేదని తెలుపు గుర్తు అది. అట్టివారిలో కాలేయమున కొవ్వు చేరుట సామాన్యము.

ఉదరము ఉబ్బుట, కాళ్లు వాచుట, రక్తము కక్కుట

కాళ్లు చేతులు పుల్లలవలె సన్నబడి, కడుపు మాత్రము కుండవలె పెరుగుట ముదిరిన కాలేయ వ్యాధియొక్క రూపము. దీనిని జలోదరమందురు. గట్టిపడిన కాలేయముగుండా రక్తము సులభముగా పోలేక ద్వారసిరలో ఒత్తిడి పెరుగును. ఆల్బుమిన్ తగ్గుటచే రక్తమునుండి నీరు బయటికి ఊరును. మూత్రపిండములు ఉప్పును, నీటిని పట్టియుంచును. ఈ మూడును కలిసి ఉదరకుహరమును నీటితో నింపును. చీలమండల వద్ద వ్రేలితో నొక్కినచో గుంటపడి కొంతసేపు నిలుచును. బరువు పెరిగినదని సంతోషించుటయో, వాయువని సోడా త్రాగుటయో గాక, నడుము పట్టీ ఏల బిగువైనదో ఆలోచింపవలెను.

ద్వారసిరలో ఒత్తిడి పెరిగినపుడు రక్తము ప్రక్కదారులు వెదకుకొనును. అన్నవాహిక అడుగుభాగమున గల సన్నని సిరలు ఉబ్బి, ఒకనాడు పగులవచ్చును. అపుడు రోగి రక్తము కక్కును. లేదా మలము తారువలె నల్లగా, జిగటగా, దుర్గంధముతో వెలువడును. ఇది క్షణము ఆలస్యము చేయరాని ఆపద. ఇనుపధాతువు గల బిళ్లలు వాడువారి మలమును నల్లగా నుండును గాని అందు జిగటయు, ఆ దుర్గంధమును ఉండవు.

నిద్ర, చేతివ్రాత, బుద్ధి

కాలేయమునకును బుద్ధికిని సంబంధమేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. అమ్మోనియా మొదలగు విషములు శుద్ధి కాక మెదడును చేరినపుడు మొదట నిద్ర తాఱుమాఱగును: రాత్రియంతయు మెలకువ, పగలంతయు మగత. పిమ్మట చిఱాకు, మఱపు, లెక్కలలో తడబాటు, చేతివ్రాత చెదరుట. చేతులు ముందునకు చాపి, మణికట్టులు పైకెత్తి పట్టుమన్నచో అవి పక్షి రెక్కలవలె కొట్టుకొనును. ఈ కంపమును 1949లో ఆడమ్స్, ఫోలీ అను వైద్యులు వర్ణించిరి. ఇట్టి మార్పును చూచి గాలి సోకినదని తాయెత్తులకై తిరుగుటవలన అమూల్యమైన కాలము గడచిపోవును. చికిత్సతో ఈ స్థితి చాలమందిలో కుదుటపడును.

చేతివ్రాత ప్రస్తావన వచ్చినది గనుక విద్యార్థులు తెలిసికొనదగిన మఱియొక వ్యాధి గలదు. 1912లో కినియర్ విల్సన్ అను వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధిలో ఆహారములోని రాగిని కాలేయము బయటికి పంపలేదు. రాగి మొదట కాలేయమునందు, తరువాత మెదడునందు చేరును. బాల్యమునను యౌవనమునను ఇది బయటపడును. బాగుగా చదువు విద్యార్థి క్రమముగా వెనుకబడును, అక్షరములు వంకరపోవును, మాట ముద్దగా వచ్చును, చేతులు వణకును. కొందఱిలో కంటి నల్లగ్రుడ్డు అంచున గోధుమరంగు వలయము ఏర్పడును. తల్లిదండ్రులిరువురి నుండియు దోషముగల జన్యువు సంక్రమించినపుడే ఇది కలుగును. మేనరికములును, దగ్గఱి బంధువుల వివాహములును గల కుటుంబములలో అట్టి అవకాశము అధికము. కాలమున గుర్తించినచో మాత్రలతో దీనిని అదుపున నుంచవచ్చును. ఒక బిడ్డకు ఉన్నట్లు తెలిసినచో తోబుట్టువులందఱికిని పరీక్ష చేయింపవలెను.

పసిబిడ్డల విషయము

పుట్టిన రెండవ, మూడవ దినమున అనేక శిశువులకు కొద్దిపాటి కామెర్లు వచ్చి పోవుట సహజము. అయితే పుట్టిన 24 గంటలలోపల వచ్చినను, రెండు వారములు దాటి నిలిచినను అది సహజము కాదు. మలము తెల్లగా నున్నచో పైత్యవాహికలు మూసుకొనిపోయిన జన్మదోషము కావచ్చును. దీనికి జపాను శస్త్రవైద్యుడు మొరియో కసాయి 1959లో ప్రకటించిన శస్త్రచికిత్స గలదు. బిడ్డ వయస్సు 60 దినములు దాటకముందు చేసిననే దానివలన మంచి ఫలితము కలుగును. కనుక తల్లులు బిడ్డ మలపు రంగును గమనించుట సిగ్గుపడవలసిన విషయము కాదు, ప్రాణరక్షణకు మార్గము.

"మా ఇంట త్రాగువారు లేరు"

కాలేయ వ్యాధియనగానే లోకము మద్యమును తలచును. మద్యము కాలేయమునకు పరమశత్రువనుట నిస్సంశయము. కాని ఈ తలపునుండి రెండు అనర్థములు పుట్టుచున్నవి. మద్యము ముట్టని కుటుంబములవారు "మాకు ఈ రోగము రాదు" అని గుర్తులను అలక్ష్యము చేయుచున్నారు. వచ్చినవారు లోకము ఏమనుకొనునో యని దాచుచున్నారు. ఏ దురలవాటును లేని గృహిణికి సిరోసిస్ అని తెలిసినపుడు ఆమె పడు మనోవేదన రోగబాధకంటె తక్కువ కాదు. మన వంటి కళాశాలలో ఈ అపోహను తొలగించుట మా ముఖ్యోద్దేశములలో నొకటి.

మద్యము లేకయే కాలేయము చెడుటకు కారణములు పెక్కు గలవు. మొదటిది హెపటైటిస్ బి, సి వైరసులు. 2022 నాటికి భారతదేశమున దాదాపు 3 కోట్ల మందికి బి వైరసును, దాదాపు 55 లక్షల మందికి సి వైరసును ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఇవి రక్తము ద్వారా, శుద్ధి చేయని సూదుల ద్వారా, మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, హిజామా బ్లేడు వంటివి ఒకరివి మఱియొకరికి వాడుటద్వారా, లైంగిక సంపర్కము ద్వారా, తల్లినుండి బిడ్డకు సంక్రమించును. కలిసి కూర్చుండుటవలన, ఒకే పళ్లెమున భుజించుటవలన, కరచాలనమువలన రావు. శైశవమున బి వైరసు సోకినచో 100కి 90 మందిలో అది జీవితాంతము నిలుచును. పెద్దలలో 5 మందికి లోపుగనే నిలుచును. కనుకనే పుట్టిన 24 గంటలలోపల టీకా వేయవలెనని వైద్యులు నొక్కి చెప్పుదురు.

బి వైరసునకు సంబంధించిన కణమును బరూచ్ బ్లంబర్గ్ కనుగొన్న సంగతి 1965లో వెలువడినది. 1976లో ఆయన నోబెల్ బహుమతి నందెను. ఆయన జన్మదినమైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినముగా జరుపుకొనుచున్నారు. ఈ టీకాను జన్యుసాంకేతిక విధానమున భారతదేశమున మొట్టమొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది మన హైదరాబాదు నగరములోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ యగుట మనకు గర్వకారణము. సి వైరసునకు ఇంకను టీకా లేదు. కాని నేటి మాత్రలతో 100కి 95 మందికి పైగా రెండు మూడు నెలలలోనే నయమగుచున్నది.

రెండవ కారణము కాలేయమున కొవ్వు చేరుట. కూర్చున్నచోటునుండి లేవని చదువులు, చక్కెర పానీయములు, వేళాపాళలేని భోజనములు దీనికి దోహదము. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటుట భారతీయులలో హెచ్చరికగా ఎంచబడుచున్నది. శరీరపు బరువులో 100కి 7 నుండి 10 వంతులు తగ్గించుకొన్నచో కాలేయపు కొవ్వును వాపును చాలవఱకు తగ్గును. ఏ మందునకును తీసిపోని చికిత్స నడక.

మూడవది, కలుషితమైన నీరు, ఆహారముల ద్వారా వచ్చు హెపటైటిస్ ఎ, ఇ వైరసులు. 1955 - 56లో ఢిల్లీ నగరమున త్రాగునీటిలో మురుగు కలియుటచే వేలాది మందికి కామెర్లు సోకెను. అది ఇ వైరసు పని యని చాలకాలమునకు తెలిసినది. ఇది సామాన్యముగా తగ్గిపోవునదే యైనను, గర్భిణీ స్త్రీలకు, ముఖ్యముగా చివరి మాసములలో, ప్రాణాంతకము కాగలదు.

పసరు మందులు, వాతలు

కామెర్లనగానే పసరు మందునకు పరుగెత్తుట, కంటిలో చుక్కలు వేయించుకొనుట, చేతిపై వాతలు పెట్టించుకొనుట మన గ్రామములలో నేటికిని గలదు. వీనివలన నయమైనదని చెప్పువారు అబద్ధమాడుటలేదు. ఎ, ఇ వైరసులవలన వచ్చు కామెర్లు చాలమందిలో కొన్ని వారములకు తమంత తామే తగ్గును. ఆ కీర్తి నడుమ వాడిన పసరునకు దక్కుచున్నది. కాని అదే పచ్చదనము పైత్యవాహికలోని రాయివలననో, బి వైరసువలననో, విల్సన్ వ్యాధివలననో వచ్చినదైనచో, పసరు త్రాగుచు గడపిన నెల దినములు తిరిగి రావు. వాతల పుండ్లు వేఱొక రోగమునకు ద్వారము తెఱచును.

మూలికలను శాస్త్రజ్ఞులు పరిహసింపలేదు. నేల ఉసిరి జాతి మొక్కను బి వైరసు రోగులకు ఇచ్చి మద్రాసులో త్యాగరాజన్ బృందము చేసిన పరిశోధన 1988లో ప్రచురితమైనపుడు అందు సాక్షాత్తు బ్లంబర్గ్ పాల్గొనెను. తొలి ఫలితములు ఆశాజనకముగా నుండినను, తరువాతి పరీక్షలలో అవి ధ్రువపడలేదు. పరీక్షించి చూచుట, నిలువనిదానిని విడుచుట - ఇదియే శాస్త్రమార్గము. ఇంగ్లీషు మందులకును ఇదే నియమము వర్తించును. జ్వరమునకు సామాన్యముగా వాడు పారాసిటమాల్ మితిమీఱినచో కాలేయమును కొన్ని దినములలోనే ధ్వంసము చేయగలదు. వైద్యుడు చెప్పిన మోతాదును మీఱరాదు.

క్షణమైనను ఆలస్యము చేయరాని గుర్తులు

రక్తము కక్కుట లేక తారువంటి నల్లని మలము, కామెర్లతో పాటు మగత, తికమక మాటలు, కామెర్లతో చలిజ్వరము, కడుపునొప్పి, జలోదరముగలవానికి జ్వరము, కడుపునొప్పి, గర్భిణికి కామెర్లు, మాత్రలు అధికముగా మ్రింగుట - వీనిలో ఏది కలిగినను తెల్లవాఱువఱకు ఆగక పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగున నుండుట, కడుపు కాళ్లు వాచుట కనబడినచో ఒకటి రెండు దినములలో వైద్యునికి చూపింపవలెను.

అన్ని గుర్తులకంటె ముందుగా మాట్లాడునది రక్తపరీక్ష. గుర్తులు ఏవియు లేనపుడే హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకొనుట ఉత్తమము. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద ప్రభుత్వ చికిత్సాకేంద్రములలో ఈ పరీక్షలును, మందులును ఉచితముగా లభించుచున్నవి.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు మనవి

తోటి విద్యార్థులారా! మీ గదిలోని మిత్రుని కన్నులను ఉదయపు వెలుతురులో ఒకసారి చూడుడు. పచ్చగా తోచినచో ఎగతాళి చేయక, వెంటబెట్టుకొని వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. బి వైరసు ఉన్నదని తెలిసిన మిత్రుని పళ్లెమును వేఱుచేయవలదు. వేఱుచేయవలసినవి క్షురకత్తి, పండ్లు తోముకొను బ్రష్షు మాత్రమే. మీకు టీకా పడలేదని తోచినచో మూడు మోతాదులు పూర్తిచేసికొనుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయమైన మనవి రెండు మాటలు. వసతిగృహపు నీటి తొట్టిని నియమముగా కడిగించి, ఆ తేదీని గోడపై వ్రాయించవలెను. సంవత్సరమునకొకసారి ప్రభుత్వ ఆరోగ్యశాఖవారి సహాయముతో హెపటైటిస్ పరీక్షా శిబిరమును, టీకా శిబిరమును ఏర్పాటుచేసి, ఫలితములను విద్యార్థికి మాత్రమే రహస్యముగా తెలుపవలెను. రహస్యము నిలుచునను నమ్మకము లేనిచోట ఎవరును పరీక్షకు ముందునకు రారు.

కాలేయము సహనశీలమైన అవయవము. చాలకాలము దెబ్బలు తిని, చాలకాలము ఓర్చుకొని, కట్టకడపట కొన్ని గుర్తులను మాత్రమే చూపును. ఆ గుర్తులను సకాలమున చదువగల నేర్పు మన విద్యార్థులకు అలవడినచో, ఏ యొక్క ఇంటనైనను ఒక ప్రాణము నిలిచినచో, మా ఈ చిన్న ప్రయత్నము సార్థకమైనట్లు భావింతుము.